ఒడంబడిక మీద పుట్టిన విశ్వవిద్యాలయం, మా మేనల్లుడి దరఖాస్తు

మా మేనల్లుడు విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాడు. క్రిందటి నెలలో ఒక ఆదివారం పొద్దున్నే పాసింజరు బండిలో ఆమదాలవలస దాకా వచ్చి, అక్కడినుంచి ఆటో పట్టుకుని శ్రీకాకుళంలో మా ఇంటికి చేరాడు. మా అక్క పంపిన పనసతొనల డబ్బాను వాళ్ల అత్తయ్య చేతికిచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా సంచిలోంచి నలభై పేజీల అచ్చు కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. ఎడమ మూలన చిల్లు పొడిచి, కార్యాలయంలో ఫైళ్లకు కట్టే ఆకుపచ్చ టాగు కట్టి తెచ్చాడు. ముప్పై మూడేళ్లు ఆ టాగులు కడుతూ విప్పుతూ బతికినవాణ్ని కనుక, అది చూడగానే చేయి దానంతటదే కళ్లజోడు కోసం వెతికింది.

"మామయ్యా, ఈ విశ్వవిద్యాలయాన్ని ఏ ఒక్క ప్రభుత్వమూ పెట్టలేదట. కొన్ని దేశాలు కలిసి ఒడంబడిక రాసుకుని పెట్టాయట. ప్రభుత్వోద్యోగులకు చదువు చెప్పడానికే పుట్టిందట. ఇది అసలుదేనంటావా, లేక బోర్డు ఒక్కటేనా?" అని అడిగాడు.

అసలుదేనని ఆ సాయంత్రానికే తేల్చి చెప్పాను. అయితే "అసలుదే అయితే నాకు పనికొస్తుందా?" అన్న రెండో ప్రశ్నకు జవాబు వెతకడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకూ, ఉద్యోగంలో ఉన్న పిల్లలు ఉన్నవాళ్లకూ ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో, ఆ వెతుకులాటలో మాకు దొరికినది ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆ కాగితాల్లో ఉన్న సంస్థ పేరు యూక్లిడ్. రేఖాగణితం రాసిన గ్రీకు పండితుడి పేరే దానికి పెట్టుకున్నారు. 2008లో కొన్ని దేశాల ప్రభుత్వాలు సంతకం చేసిన ఒప్పందం దీనికి ఆధారం. ప్రధాన కార్యాలయం మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని అయిన బాంగీ నగరంలో ఉంది. గాంబియా ప్రభుత్వంతోనూ స్థాన ఒప్పందం, అంటే ఆ దేశంలో కార్యాలయం పెట్టుకోనిచ్చే ఒప్పందం, ఉంది. ఒప్పందంలో చేరినవి ఉగాండా, సియెర్రా లియోన్, సెనెగల్, బురుండి, ఎరిత్రియా, కొమొరోస్, వనువాటు వంటి దేశాలు, అంటే ఎక్కువగా ఆఫ్రికా దేశాలూ, సముద్రం మధ్యనున్న చిన్న దీవుల దేశాలూను. సభ్యదేశాల ప్రభుత్వాల్లో పనిచేసే అధికారులకు దౌత్యం, అంతర్జాతీయ న్యాయం, పరిపాలన వంటి విషయాల్లో శిక్షణ ఇవ్వడం దాని మొదటి బాధ్యత. పాఠాలు దూరవిద్య పద్ధతిలో, ఆన్‌లైన్‌లో నడుస్తాయి.

ఆ పద్ధతి ఎందుకో మా మేనల్లుడికి వెంటనే బోధపడలేదు గానీ నాకు బోధపడింది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక గుమస్తా ఆరు నెలలు సెలవు పెడితే ఆ సీటు తపాలంతా బీరువా మీద బొత్తులుగా పేరుకుపోయేది. ఇన్‌ఛార్జి బాధ్యత మీద పడినవాడు తన సీటే చూసుకోలేక ఆ బొత్తుల వంక చూడడం మానేసేవాడు. ఒక జిల్లాలో ఒక సీటుకే అంత అవస్థ అయితే, విదేశాంగ శాఖ మొత్తం మీద కొద్దిమందే ఉద్యోగులున్న ఒక దీవి దేశం తన న్యాయాధికారిని రెండేళ్ల చదువుకు జెనీవాకో లండనుకో పంపితే ఆ దేశం తరఫున సమావేశాల్లో కూర్చునే మనిషి ఎవరు? పంపకపోతే, పెద్ద దేశాలు రాసి తెచ్చిన ఒప్పందాల ముసాయిదాలను చదివి ఇది మనకు నష్టమని చెప్పగలిగినవాడు ఎవరు? అధికారి తన కుర్చీలో ఉంటూనే చదువుకోవాలన్న ఆలోచన ఆ ఇరుకులోంచి వచ్చినదే.

ఒడంబడిక మీద పుట్టిన విద్యాసంస్థ ఇదొక్కటే కాదు. ఇటలీలో ఫ్లారెన్స్ దగ్గరున్న ఐరోపా విశ్వవిద్యాలయ సంస్థకు మూలం 1972లో ఆరు దేశాలు చేసుకున్న ఒప్పందం. అది 1976లో తలుపులు తెరిచింది. సైన్యాన్నే రద్దు చేసుకున్న కోస్టారికా దేశంలోని శాంతి విశ్వవిద్యాలయానికి 1980 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందం ఆధారం. ఆస్ట్రియాలో వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్ అనే ఊళ్లో అవినీతి నిరోధానికే ఒక అంతర్జాతీయ అకాడమీ ఉంది. దాని ఒప్పందం 2011 మార్చి 8న అమల్లోకి వచ్చింది. లంచం తీసుకోకుండా ఉండడానికి ఒడంబడిక రాసుకుని బడి పెట్టారా అని వాళ్ల అత్తయ్య నవ్వింది. లంచం ఎలా పట్టుకోవాలో నేర్పే బడి అని సర్దిచెప్పాను.

నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచినవి సముద్రానికి సంబంధించిన రెండు సంస్థలు. మన సిక్కోలు తీరం మీద పుట్టినవాడికి అది సహజమే. ఒకటి స్వీడన్‌లోని మాల్మో నగరంలో 1983లో మొదలైన ప్రపంచ సముద్రయాన విశ్వవిద్యాలయం. దీన్ని పెట్టింది ఐక్యరాజ్యసమితి కింద నౌకాయానాన్ని చూసే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ. ఓడల భద్రత, రేవుల నిర్వహణ, ప్రమాదాల విచారణ వంటివి చూసే ప్రభుత్వాధికారులే, ముఖ్యంగా వర్ధమాన దేశాలవాళ్లే, ఎక్కువగా అక్కడ చదువుతారు. రెండోది అదే సంస్థ 1988లో మాల్టా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెట్టిన అంతర్జాతీయ సముద్ర న్యాయ సంస్థ. ప్రభుత్వాల తరఫున పనిచేసే న్యాయవాదులకు సముద్ర న్యాయం నేర్పడం దాని పని. ఒక దేశం అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం పెట్టి ఊరుకుంటే చాలదు, దాన్ని తన దేశపు చట్టంగా రాసుకోవాలి. ఆ రాతపని చేయగలిగినవాళ్లను తయారుచేయడమే అక్కడి చదువు. అందులో సగం సీట్లు మహిళలకు కేటాయించారని చదివినప్పుడు, ఉద్యోగం చేస్తూ ఇంట్లో పిల్లల్ని పెంచుకుంటూ రెవెన్యూ టెస్టులకు రాత్రుళ్లు చదివిన నా సహోద్యోగినులు గుర్తుకొచ్చారు.

మనకు బాగా దగ్గరగా ఉన్న ఉదాహరణ మాత్రం ఢిల్లీలోని దక్షిణాసియా విశ్వవిద్యాలయం. 2007 ఏప్రిల్ 4న ఢిల్లీలో జరిగిన సార్క్ శిఖరాగ్ర సమావేశంలో ఎనిమిది దేశాలు దాని ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2010లో అద్దె చోటులో తరగతులు మొదలై, చాలా ఏళ్లకు మైదాన్ గఢీలోని సొంత ప్రాంగణానికి మారింది. ఇది ప్రత్యేకంగా ప్రభుత్వాధికారుల కోసం పెట్టినది కాదు గానీ, ఒడంబడిక మన దేశంలో ఏ విధంగా పనిచేస్తుందో చూపించడానికి ఇంతకంటె మంచి పాఠం లేదు. ఎనిమిది దేశాల సంతకాలు పడినంత మాత్రాన అది మన దేశపు న్యాయస్థానాలకూ, పన్నుల శాఖకూ, భూమి ఇచ్చే అధికారికీ కనబడదు. రాజ్యాంగంలోని 253వ అధికరణం, అంతర్జాతీయ ఒప్పందాలను అమలు చేయడానికి చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇస్తుంది. ఆ దారిన దక్షిణాసియా విశ్వవిద్యాలయ చట్టం, 2008 వచ్చింది. ఒడంబడిక, దాని వెనుక చట్టం, ఆ చట్టం వెనుక నోటిఫికేషను, ఈ మూడూ ఉన్నాక గానీ మన ఉద్యోగి చేతిలో ఉన్న కాగితానికి కాళ్లు రావు.

మా వాడు తెచ్చిన కాగితాల్లో ఒకచోట ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయపు ఒప్పందం ఐక్యరాజ్యసమితి ఒడంబడికల సంపుటాల్లో నమోదైందని అక్కడ ఉంది. "చూశావా మామయ్యా, ఐక్యరాజ్యసమితే గుర్తించింది" అన్నాడు. అక్కడ ఆపాను వాణ్ని. ఐక్యరాజ్యసమితి చార్టరులోని 102వ అధికరణం ప్రకారం సభ్యదేశాలు చేసుకునే ప్రతి ఒడంబడికనూ సచివాలయంలో నమోదు చేయించాలి, సచివాలయం దాన్ని ప్రచురించాలి. రెండు దేశాల మధ్య రహస్య ఒప్పందాలు కుదరకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. నమోదు కాని ఒడంబడికను ఐక్యరాజ్యసమితి అంగాల ముందు ఎవరూ చూపించుకోవడానికి వీల్లేదు. అంతకుమించి ఆ నమోదుకు అర్థం లేదు.

ఈ సంగతి రెవెన్యూ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో క్రయదస్తావేజు రిజిస్టరు అయిందంటే, ఫలానా తేదీన ఫలానావాళ్లు ఈ కాగితం రాసుకున్నారన్న సాక్ష్యం మాత్రమే పుడుతుంది. అమ్మినవాడికి ఆ భూమి మీద హక్కు ఉందని సబ్ రిజిస్ట్రారు పూచీ పడడు. హక్కు కావాలంటే అడంగలు చూడాలి, లింకు డాక్యుమెంట్లు చూడాలి, పొలంలోకి దిగి ఎవరు దున్నుతున్నారో చూడాలి. ఒక్క రిజిస్టర్డు దస్తావేజును చూపించి తహసీల్దారు కార్యాలయానికొచ్చి మ్యుటేషను ఎందుకు కాలేదని అరిచినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. మా వాడి ఎర్ర గీత చూసినప్పుడు ఆ కౌంటరు దగ్గరి గొడవే నాకు గుర్తుకొచ్చింది. ఇంతా చెప్పి ఒప్పందం విలువలేనిదని నేను అనడం లేదు. దస్తావేజే లేనివాడికంటె రిజిస్టరైన దస్తావేజు ఉన్నవాడు ఎంతో మెరుగు. ఒడంబడిక ఆ సంస్థకు న్యాయపరమైన ఉనికిని ఇస్తుంది, ఆతిథ్య దేశంతో చేసుకున్న స్థాన ఒప్పందం దానికి కొన్ని పన్ను మినహాయింపులూ, రక్షణలూ ఇస్తుంది, డిగ్రీలు ప్రదానం చేసే అధికారం సభ్యదేశాల నుంచి వస్తుంది. దొంగ విశ్వవిద్యాలయాలకు ఇవేవీ ఉండవు.

చిక్కంతా సభ్యదేశాల నుంచి అన్న మాటలో ఉంది. ఒడంబడికల న్యాయం మీద 1969లో వియన్నాలో కుదిరిన కన్వెన్షను 34వ అధికరణంలో ఒక చిన్న వాక్యం ఉంది: ఒక ఒడంబడిక, దానిలో లేని మూడో దేశానికి ఆ దేశపు సమ్మతి లేకుండా హక్కులనూ బాధ్యతలనూ కలిగించదు. వియన్నా కన్వెన్షనులో మన దేశం చేరకపోయినా, ఈ సూత్రం అన్ని దేశాలూ ఆనవాయితీగా పాటించేదే. యూక్లిడ్ ఒప్పందంలో భారతదేశం లేదు. కనుక ఉగాండాలోనో సెనెగల్‌లోనో ఒక అధికారికి ఆ డిగ్రీ ఏ విలువ తెస్తుందో, అదే విలువ విజయనగరంలో మా మేనల్లుడికి తెచ్చిపెట్టాలన్న బాధ్యత మన ప్రభుత్వం మీద లేదు. దక్షిణాసియా విశ్వవిద్యాలయం విషయంలో ఆ బాధ్యత ఉంది, ఎందుకంటే అక్కడ మనమూ సంతకం పెట్టాం, చట్టమూ చేశాం.

ఇక మన దగ్గర విదేశీ డిగ్రీకి తుల్యత, అంటే మన డిగ్రీతో సమానమన్న గుర్తింపు, ఇప్పించుకునే దారి వేరు. చాలాకాలంగా ఆ పనిని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం చూస్తూ వచ్చింది. 1925లో అంతర్విశ్వవిద్యాలయ మండలిగా మొదలైన సంస్థ అది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2025లో ఇదే విషయం మీద నిబంధనలు తెచ్చింది. పదోన్నతి కోసమో, ఉన్నత అర్హతను సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోవడానికో చదవదలచినవాళ్లు డబ్బు కట్టకముందే ఆ తుల్యత ప్రశ్నను రాతపూర్వకంగా తేల్చుకోవాలి. కట్టిన తరువాత తిరిగేవాళ్ల చెప్పులు అరగడం తప్ప పని జరగదు. మా వాడికి ఈ మాట మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాను.

ఒడంబడికలు మన జిల్లాకు కొత్త కావు. మనల్ని అడగకుండా మన మీద రాసుకున్న ఒడంబడికలతోనే మన ఆధునిక చరిత్ర మొదలవుతుంది. 1765లో మొగలు చక్రవర్తి ఇచ్చిన ఫర్మానాతోనూ, 1766 నవంబరులో నిజాముతో కుదిరిన ఒప్పందంతోనూ ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయాయి; అందులో చికాకోల్ సర్కారు అంటే మనమే. నాగావళి ఒడ్డున ఉన్న ఏ రైతూ ఆ కాగితాన్ని చూసి ఉండడు. అలా చేతికొచ్చిన దేశాన్ని పాలించడానికి కంపెనీవాళ్లు తమ అధికారులకు చదువు చెప్పించవలసి వచ్చింది. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాలను పెట్టింది అందుకే. కొత్తగా ఓడ దిగిన కుర్రవాళ్లు తెలుగో తమిళమో నేర్చుకుని పరీక్ష నెగ్గితే గానీ జిల్లాలకు వెళ్లే వీలుండేది కాదు. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దింది ఆ బడిలోనే. అధికారుల శిక్షణ కోసం పెట్టిన ఆ బడి లేకపోతే మనకు బ్రౌణ్య నిఘంటువు ఉండేదా అన్నది నాకు అప్పుడప్పుడూ వచ్చే ఆలోచన.

నా సంగతి చెప్పాలంటే, ముప్పై మూడేళ్ల సర్వీసులో నాకు దొరికిన లాంఛనప్రాయమైన శిక్షణ మొత్తం కలిపినా నెలరోజులు దాటదు. ముస్సోరీలో 1959 నుంచి ఐఏఎస్‌లకు అకాడమీ ఉంది, బాపట్లలో రాష్ట్ర ప్రభుత్వ మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది, 1964లో మొదలైన ఐటెక్ కార్యక్రమం కింద ఆఫ్రికా ఆసియా దేశాల అధికారులు మన హైదరాబాదుకొచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థలో పాఠాలు విని వెళతారు. 2020 నుంచి కర్మయోగి పేరుతో ఫోనులోనే పాఠాలు వస్తున్నాయి. నేను చేరిన రోజుల్లో మాత్రం గుమస్తాకు అకాడమీ అంటే హెడ్ గుమస్తానే. మండలాలు కొత్తగా ఏర్పడిన 1985 తరువాతి రోజులవి. మా హెడ్ గుమస్తాగారు నేను రాసిన మొదటి నోటు ఫైలును మూడుసార్లు వెనక్కి పడేశారు. నాలుగోసారి పక్కన కూర్చోబెట్టుకుని, గుండుసూదితో ఒక చిన్న కాగితపు ముక్కను కరెంటు ఫైలులోని, అంటే వచ్చిన ఉత్తరాలుండే ఫైలులోని, పేజీకి గుచ్చి, దాని మీద 'ఏ' అని రాసి, "నువ్వేం చెప్పినా దానికి ఒక ఫ్లాగు ఉండాలి. ఫ్లాగు లేని మాట ఆఫీసరు నమ్మకూడదు, నువ్వు రాయకూడదు" అన్నారు. డిపార్టుమెంటు పరీక్షలకు చట్టాల పుస్తకాలు పట్టుకెళ్లి చూసి రాయనిచ్చేవారు గనుక అవి సులువని బయటివాళ్లు అనుకునేవారు. పుస్తకంలో ఎక్కడ ఏముందో తెలియనివాడికి పుస్తకం ఎదురుగా ఉన్నా మూడు గంటలూ పుటలు తిప్పడంతోనే సరిపోతుందని అందులో తప్పినవాళ్లకు తెలుసు. నేనూ ఒకసారి తప్పాను.

ఇంతకీ కింది స్థాయి ఉద్యోగికి అంతర్జాతీయ న్యాయం ఎందుకన్నారు మా వాడి కార్యాలయంలో. నేను కూడా మొదట అదే అనబోయి, 2018 నవంబరు గుర్తుకొచ్చి నోరు మూసుకున్నాను. మన తీరం వాళ్లు ఇక్కడ వేట గిట్టక గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద కూలికి పనిచేస్తారన్నది అందరికీ తెలిసినదే. ఆ నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను అరేబియా సముద్రంలో పాకిస్థాన్ అధికారులు పట్టుకున్నారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా మీదుగా తిరిగి వచ్చేదాకా, పదమూడు నెలలకు పైగా, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కలెక్టరేటుకూ ఊరికీ మధ్య తిరిగారు. వాళ్ల మొదటి దరఖాస్తును చేతిలోకి తీసుకున్నవాళ్లు రాయబారులు కారు. మా వంటి గుమస్తాలే.

ఆ గుమస్తాకు తెలిసి ఉండవలసినవి రెండు ఒప్పందాలు. 2008 మే నెలలో భారత్, పాకిస్థాన్‌లు చేసుకున్న కాన్సులర్ ఒప్పందం ప్రకారం, తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ప్రతి ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఇచ్చిపుచ్చుకోవాలి. ఈ సంగతి తెలిసిన ఉద్యోగి పట్టుబడిన మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, గుర్తింపు పత్రాలు ఆ తేదీలకు ముందే ఢిల్లీకి చేరేలా పంపిస్తాడు. తెలియనివాడు "పరిశీలించి పంపబడును" అని రాసి పక్కన పెడతాడు. రెండోది ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ కన్వెన్షను. మన దేశం 1995లో, పాకిస్థాన్ 1997లో దాన్ని ధ్రువీకరించాయి. దాని 73వ అధికరణం ప్రకారం, తీరదేశానికి వేట మీద హక్కున్న సముద్రభాగమైన ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధనలు ఉల్లంఘించినవారికి, సంబంధిత దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలు శిక్ష వేయకూడదు. రెండు దేశాల మధ్యనున్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర సరిహద్దు తేలలేదు గనుక బోటు ఎక్కడ పట్టుబడిందన్నదే అక్కడ మొదటి వివాదం అవుతుందనుకోండి. అయినా ఆ వివాదంలో మనవైపు మాట చెప్పాలంటే, ఆ మాట ఏ పుస్తకంలో ఏ పుటలో ఉందో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి.

మా వాడి మండలాల్లో పూసపాటిరేగ, భోగాపురం ఉన్నాయి. విజయనగరం జిల్లాకు సముద్రం ఉన్నది ఆ రెండింటికే. వలస వెళ్లే మత్స్యకారుల ఉత్తరాలు వాడి సీటు మీదుగా పోతాయి. "వేరావల్ ఫైలు వచ్చినప్పుడల్లా పైనుంచి ఏం అడుగుతారో తెలియక వాళ్లు అడిగినదాకా ఆగుతున్నాం మామయ్యా, నాకు అదేదో ముందే తెలుసుకోవాలని ఉంది" అన్నాడు రెండో ఆదివారం. పదోన్నతి మాట ఆ రోజు ఎత్తలేదు. అప్పటినుంచి నేను కూడా వాణ్ని వెనక్కి లాగడం మానేశాను.

దేశాల దాకా ఎందుకు, మన వంశధారనే చూడండి. 1962లో ఒడిశాతో కుదిరిన ఒప్పందంలో నీళ్లు చెరిసగం అనుకున్నాం. నేరడి దగ్గర బ్యారేజి కట్టడానికి అవతలి ఒడ్డున 106 ఎకరాల భూమి కావలసి వచ్చింది. అది వివాదమై, 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి, 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. ఆ మధ్యలోని అర్ధశతాబ్దంలో ఎన్ని ఫైళ్లు ఎన్ని బల్లల మీద నడిచాయో ఆలోచిస్తే, ఒప్పందాన్ని చదవడం నేర్చిన మనిషి ఒక జిల్లాలో ఒకడైనా ఉండడం దండగ ఖర్చని నాకు అనిపించదు.

మూడో ఆదివారం నాటికి మా వాడు ఒక నిర్ణయానికొచ్చాడు. డిగ్రీ కోసం కాకుండా, ముందు సముద్ర న్యాయంలో చిన్న కోర్సు ఒకటి తన సొంత ఖర్చుతో, కార్యాలయపు వేళలు దాటిన తరువాత చదువుకుంటానన్నాడు. సర్వీసు రిజిస్టరులో ఎక్కించుకోవాలన్న ఆశ లేకపోయినా, ఉద్యోగంలో ఉండగా ఏ చదువుకైనా ముందుగా అనుమతి తీసుకోవడం క్షేమమని నేనే దరఖాస్తు పెట్టించాను. ఆ నమూనా ఫారంలో ఏడో కాలంలో "విశ్వవిద్యాలయము ఏర్పడిన విధము" అని ఉండి, ఎదురుగా మూడే మూడు గడులున్నాయి: కేంద్ర చట్టము, రాష్ట్ర చట్టము, డీమ్డ్. మా వాడు మూడూ కొట్టేసి, పక్కన ఖాళీలో గుండ్రని అక్షరాలతో "అంతర్జాతీయ ఒడంబడిక" అని రాశాడు.

పన్నెండో రోజున దరఖాస్తు తిరిగి వచ్చింది. మీద పెన్సిలుతో "కాలం 7లో పై మూడింటిలో ఒకదానిని గుర్తించి తిరిగి సమర్పించవలెను" అని రాసి ఉంది.

నిన్న మళ్లీ వచ్చాడు. భోజనాలయ్యాక వీధి అరుగు మీద కూర్చుని ఇద్దరం జవాబు తయారుచేశాం. మొదటి పేరాలో ఒడంబడిక ద్వారా ఏర్పడిన సంస్థలు ఉన్నాయని, అలాంటి సంస్థ ఒకటి ఢిల్లీలోనే ఉందని రాసి, దానికి దక్షిణాసియా విశ్వవిద్యాలయ చట్టం మొదటి పుట నకలును ఫ్లాగు 'ఏ'గా పెట్టాం. రెండో పేరాలో తాను కోరుతున్నది అర్హత నమోదు కాదనీ, చదువుకు అనుమతి మాత్రమేననీ రాశాం. మూడో పేరా వేరావల్ ఫైళ్ల గురించి. దానికి 2008 ఒప్పందం నకలు ఫ్లాగు 'బి'. గుండుసూదులు అయిపోయాయంటే వాళ్ల అత్తయ్య కుట్టుపెట్టెలోంచి నాలుగు తెచ్చి ఇచ్చింది.